జ్యూరిచ్ బిళ్ళ

గురునాథరావు ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు జ్యూరిచ్ వచ్చేది.

పోర్టు ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. సొంతూరు అమలాపురం పక్కన. ఉద్యోగం కోసం విశాఖపట్నం వచ్చి, గాజువాక దాటాక ఒక అపార్టుమెంటులో ఇల్లు కొనుక్కుని, ఇక ఇదే మా ఊరు అనుకున్నవాడు. పేకాట లేదు, చుట్ట లేదు. ఉన్నదల్లా నాణేల పిచ్చి. ఓడల మీద వచ్చే నావికుల దగ్గర వాళ్ళ దేశపు చిల్లర అడిగి తీసుకోవడంతో మొదలైన పిచ్చి, రిటైరైన ఏడు బొంబాయి వేలంపాటలో ఒక పాత వెండి నాణెం కొనేదాకా పోయింది. దాన్ని ఎంతకు కొన్నాడో ఆయన భార్య తాయారుకు ఈనాటికీ తెలియదు. తెలిసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

అరచేతిలో సగం ఆక్రమించే బిళ్ళ అది. ఒకవైపు సింహాలు పట్టుకున్న, స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరం చిహ్నమైన డాలు. అంచు చుట్టూ లాటిన్ అక్షరాలు. "ప్రభూ, మమ్మల్ని శాంతిగా కాపాడు" అని వాటి అర్థం. 1559 అని సంవత్సరం కూడా స్పష్టంగా ఉంది. నీలం మఖమలు పరిచిన చెక్క పెట్టెలో దానిది మొదటి గడి. గ్యాసు బండ తెచ్చినవాడికీ చూపించేవాడు, లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాడికీ చూపించేవాడు.

"పాపం, అతనికి ఇంకా నాలుగిళ్ళు తిరగాలండీ. స్విట్జర్లాండు తిప్పకండి" అనేది తాయారు వంటింట్లోంచి.

ఆమె మాట ఎవరు విన్నారు? గురునాథరావు కథ ఎత్తుకునేవాడు. ఐదువందల ఏళ్ళ కిందట యూరప్‌లో క్రైస్తవంలోనే పెద్ద తిరుగుబాటు లేచింది. బొమ్మలెందుకు, వెండి పాత్రలెందుకు, దేవుడి మాట ఒక్కటీ చాలదా అన్నారు కొందరు. జ్యూరిచ్ నగరం ఆ మాట విన్నది. అంతకుముందు ఆ ఊరి పెద్ద వెండి నాణెం మీద, నరికిన తమ తలల్ని తామే చేతుల్లో పట్టుకుని నిలబడ్డ ముగ్గురు సాధువుల బొమ్మలుండేవి. తిరుగుబాటు తర్వాత ఆ సాధువులు పోయారు. చర్చిల్లోని వెండి గిన్నెల్ని నగర సభ తీసుకుని కరిగించి, 1526లో వాటితో నాణేలు కొట్టిందని చెబుతారు. పాత మతంలోనే ఉన్న చుట్టుపక్కలవాళ్ళు వాటిని గిన్నె బిళ్ళలని వెక్కిరించి, దేవుడి సొమ్ము మేం ముట్టం పొమ్మన్నారని కూడా చెబుతారు.

ఇదంతా గురునాథరావు పుస్తకాల్లో చదువుకున్నదే. ఇందులో ఆయన కల్పించింది లేదు. తన బిళ్ళ ఆ గిన్నెల వెండి కాదని, అది ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చిన నాణెమని ఆయనకు బాగా తెలుసు. ఇంట్లో చెప్పినన్నాళ్ళూ ఆ సంగతి దాచలేదు కూడా. పాడుబుద్ధి పుట్టింది మరిడమ్మ గుడి కమిటీలో.

స్టీల్‌ప్లాంటు కట్టినప్పుడు భూములిచ్చి లేచి వచ్చినవాళ్ళ కాలనీ ఒకటి ఆయన అపార్టుమెంటు వెనకే ఉంది. వాళ్ళు పాతూరు అంటారే, ఆ ఊరి మీద ఇప్పుడు ఫర్నేసులున్నాయి. వస్తూ వస్తూ వాళ్ళు తమ మరిడమ్మను కూడా తెచ్చుకున్నారు. అమ్మతోపాటు ఒక కళ్ళ దండ వచ్చింది. పిల్లలకు అమ్మవారు పోసి కళ్ళు మూసుకుపోయినప్పుడు తల్లులు మొక్కుకుని చేయించిన వెండి కళ్ళు అవి. జతలు జతలుగా ఎర్రదారానికి గుచ్చి అమ్మ మెళ్ళో వేసేవాళ్ళు. చింతాకులంత కళ్ళు కొన్ని, చేపల్లాంటి కళ్ళు కొన్ని.

పాత రేకుల గుడి తీసి కొత్త గుడి కడుతున్నప్పుడు అమ్మవారి సొమ్మంతా కమిటీ ప్రెసిడెంటు భీమశంకరరావు ఇంట్లో పెట్టారు. లారీల వ్యాపారం చేసే భీమశంకరరావు చెడ్డవాడు కాదు. గుడి తొందరగా లేవాలని తొందర, అంతే. ప్రతిష్ఠకు పెద్ద చందాలిచ్చినవాళ్ళకు అమ్మవారి బొమ్మ ఉన్న వెండి బిళ్ళ తలా ఒకటి ఇస్తే బాగుంటుందని ఆయనకు తోచింది. వెండి కొనాలంటే చందాలన్నీ దానికే చాలవు. పెట్టెలో ఊరికే పడి ఉన్న మొక్కుల వెండి ఉంది కదా అన్నాడు.

మీటింగులో ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి తాతబాబు అనే ముసలాయన, పాతూరిలో అమ్మకు పూజ చేసిన ఇంటివాడు, గొంతు సవరించుకున్నాడు.

"మొక్కిచ్చినది మనది కాదు గదా బావా. అమ్మోరి సొమ్ము. దాన్ని మనమెలగ ముడతాం?"

భీమశంకరరావు గురునాథరావు వైపు తిరిగాడు. అపార్టుమెంటువాళ్ళ తరఫున ఆయన్ని కమిటీలోకి తీసుకున్నారు. "మీరు సదువుకున్నోరు సార్. మీరు సెప్పండి. ఇలగ ఎక్కడైనా సేసినారా?"

పెద్దమనిషిని పట్టుకుని చెప్పమంటే ఊరుకుంటాడా? గురునాథరావు లేచి నిలబడ్డాడు. జ్యూరిచ్ అన్నాడు, గిన్నెలన్నాడు, నాణేలన్నాడు. దేవుడి వెండి ప్రజల చేతుల్లోకి వచ్చిందన్నాడు. "ఆ ఊరికేమైనా అయిందా? ఈ రోజు ప్రపంచంలో డబ్బున్నవాళ్ళంతా డబ్బు దాచుకునే ఊరది" అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు ముట్టం పొమ్మన్న సంగతి మాత్రం ఆయన నాలుక మీదికి రాలేదు.

తాతబాబు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. "ఆ బిళ్ళలు ఇంకా ఉన్నాయేటి బాబూ?"

గురునాథరావు జేబులోంచి పెట్టె తీశాడు. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్నాడు మరి. బిళ్ళ బయటికి రాగానే అందరూ ముందుకు వంగారు.

"ఇది ఆ దేవుడి గిన్నెల బిళ్ళేనేటి?" అన్నాడు తాతబాబు.

కాదు, ఇది తర్వాతిది అంటే సరిపోయేది. కానీ అంటే ఆ వంగిన తలలన్నీ వెనక్కి వెళ్ళిపోతాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా?

"ఇదే" అన్నాడు గురునాథరావు.

బిళ్ళ చేతులు మారింది. దేవుడి వెండి అనేసరికి ఒక్కొక్కళ్ళూ దాన్ని కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకిచ్చారు. తాతబాబు అయితే చెప్పులు విప్పి మరీ అద్దుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదు. కళ్ళ దండను గాజువాక వెండి కొట్టు సింహాద్రికి అప్పగించారు. బిళ్ళ మీద అమ్మవారి బొమ్మ ఎలా ఉండాలో, చుట్టూ అక్షరాలు ఏ వరుసలో రావాలో గురునాథరావు తన చేత్తో గీసి ఇచ్చాడు. ప్రతిష్ఠ రోజున ఆయనకు శాలువా కప్పి మొదటి బిళ్ళ చేతిలో పెట్టారు. ఫొటో తీశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరి వెండో, ఎవరికో శాలువా.

ప్రతిష్ఠ అయిన వారానికి వెంకటరమణమ్మ వచ్చింది.

గుడి ముందు రోజూ ఊడ్చి నీళ్ళు చల్లి ముగ్గేసేది ఆవిడే. జీతానికి కాదు, భక్తితో. గడపలోనే నిలబడి లోపలికి రానంది. తాయారు కుర్చీ వేసినా కూర్చోలేదు.

"బాబూ, అమ్మోరి మెళ్ళో కళ్ళదండ నేదు. పూజారిని అడిగితే నాకు తెల్దంతన్నాడు. మీరు కమిటీలో ఉన్నారు గదా. ఏటైపోనాయి?"

గురునాథరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నీవి కూడా ఉన్నాయా అందులో?" అన్నాడు.

"నావి కావు బాబూ, మా గుంటవి, నా కూతురివి" అంది వెంకటరమణమ్మ. "మా నీలిమకి పసిగుడ్డప్పుడు అమ్మోరు పోసినాది. కళ్ళు మూసుకుపోనాయి. ఎంతకీ తెరవదు. డాక్టరు ఆశ ఒగ్గీమన్నాడు. మాయమ్మ నాకిచ్చిన కాళ్ళ కడియాలుండీవి. అమ్మా, నా కడియాలు తీసుకుని నా గుంట కళ్ళు నాకియ్యి అన్నాను. తెల్లారేసరికి కళ్ళు తెరిసి నన్నే సూత్తన్నాది. ఆ కడియాలే కళ్ళు సేయించినాను. గుడికెల్లినపుడల్లా దానికి సూపించీదాన్ని, అదిగో నీ కళ్ళు, అమ్మోరి కాడ భద్రంగా ఉన్నాయి అని."

ఆమె పాదాల వైపు చూస్తే నిజంగానే బోసిగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆయన చూడలేదు.

"ఇపుడు మా గుంటకి కళ్ళెర్రబడిపోనాయి బాబూ. మధురవాడలో కంప్యూటరు ఆఫీసుకి ఎల్తన్నాది. నిన్న లగాయితు కళ్ళు తెరవనేకపోతన్నాది. అమ్మోరి కాడ కళ్ళు లేకపోతే నా గుంట కళ్ళెలగుంటాయి?"

అది కళ్ళకలక. ఆ వారం కాలనీలో సగం మందికి వచ్చింది. ఆ మాట చెప్పవచ్చు, డాక్టరు పేరు చెప్పవచ్చు. గురునాథరావు రెండూ చెప్పాడు. వెండి కళ్ళ సంగతి మాత్రం "కనుక్కుంటానమ్మా" అన్నాడు.

"కనుక్కోండి బాబూ. ఆ కమిటీలో ఇంగితం ఉన్నది మీకొక్కరికే" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

తాయారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మాట్లాడకపోతే భయం, మాట్లాడితే ఇంకా భయం.

"మీటింగులో 'ఇదే' అన్నారట. ఇక్కడ 'నేనే' అనడానికి నోరు రాలేదేంటండీ?"

"నీకెవరు చెప్పారు?"

"తాతబాబుగారి కోడలు చెప్పింది. దేవుడి బిళ్ళ కళ్ళకద్దుకున్నాం, మీరు అదృష్టవంతులమ్మా అంది. 1559 అని నాకు వెయ్యిసార్లు చదివి వినిపించారు. గిన్నెలు కరిగించింది 1526 అన్నదీ మీరే. నేను పదో తరగతే చదివాను గానీ, ఏది ముందో ఏది వెనకో నాకూ తెలుసండీ."

గురునాథరావు తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళాడు. పొద్దున్న ఒకసారి చేసిన స్నానమే. నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ ఆ బోసి పాదాలే కనిపించాయి. సిగ్గు అనేది ఒంటికి పట్టిన మురికి అయితే ఆ రోజుతో వదిలిపోవలసింది.

మర్నాడు వెంకటరమణమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని భీమశంకరరావు ఇంటికి తీసుకెళ్ళింది. మీరు పక్కనుంటే ఆయన నిజం సెప్తాడు అంది. తేలు కుట్టిన దొంగలా గురునాథరావు ఆమె వెనకే నడిచాడు.

భీమశంకరరావు నిజమే చెప్పాడు. బిళ్ళలు చేయించామన్నాడు, అమ్మవారి పనికే వాడామన్నాడు.

"ఎవులు సెప్పినారు కరిగించమని? ఆ మాట నోటంట ఎవులన్నారు?"

భీమశంకరరావు ఒక్క క్షణం గురునాథరావు ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, కాస్త జాలి ఉంది. "అందరం కలిసే అనుకున్నాం రమణమ్మప్పా. తప్పు అందరిదీ" అన్నాడు.

అప్పుడు నోరు విప్పాల్సింది ఎవరు? గురునాథరావు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. లారీల టైర్ల కంపెనీ క్యాలెండరు అది. దాని మీద ఏ బొమ్మ ఉందో తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాలేదు. వెంకటరమణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "పోనీలెండి బాబూ, మీరు నా కోసం ఒచ్చినారు, అదే సాలు" అంది. ఎవరైనా చెప్పుతో కొట్టినా అంత బాధపడేవాడు కాదు.

ఇంటికి వచ్చి చెక్క పెట్టె ముందు కూర్చున్నాడు. కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాడు. జ్యూరిచ్ బిళ్ళ ఇచ్చేస్తాడు. సింహాద్రి దాన్ని కరిగించి నీలిమకు కొత్త కళ్ళు చేస్తాడు. తనకున్న వస్తువులన్నింటిలో విలువైనది అమ్మవారి మెళ్ళో పడుతుంది. ఆ ఊహ రాగానే గుండె తేలికపడింది. కాస్త ఎక్కువే తేలికపడింది. చూశారా, మనిషి ఎంత గడుసువాడో! తప్పు ఒప్పుకోనవసరం లేకుండా త్యాగం చేసే దారి వెతుక్కున్నాడు.

"బిళ్ళ ఇస్తున్నాను" అన్నాడు తాయారుతో, గొంతు గంభీరంగా పెట్టి.

"బిళ్ళతోపాటు నిజం కూడా ఇవ్వండి" అంది ఆవిడ.

కొత్త కళ్ళు చేయిస్తానని వెంకటరమణమ్మకు చెప్పి, తల్లీకూతుళ్ళతో ఆటోలో గాజువాక వెళ్ళాడు. నీలిమ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తల్లి పక్కన ఒదిగి కూర్చుంది. ఆఫీసుకి సెలవు పెట్టింది. డాక్టరు చుక్కలమందు రాసిచ్చాడట, కాస్త తగ్గిందట. ఆటోవాడు లారీల మధ్యనుంచి దూరుస్తుంటే వెంకటరమణమ్మ కూతురి ముఖానికి దుమ్ము తగలకుండా కొంగు అడ్డం పెట్టింది. గురునాథరావు ఒళ్ళో చెక్క పెట్టె.

సింహాద్రి కొట్టు బజారు సందులో ఉంది. ముందు అద్దాల బీరువా, వెనక పనిచేసే చోటు. గిరాకీ బాగా ఉన్న మనిషి. మీటింగుకు కూడా వచ్చాడు, బిళ్ళల పని ఒప్పుకున్నదీ ఆయనే.

గురునాథరావు బిళ్ళ తీసి పళ్ళెంలో పెట్టాడు. "ఇది కరిగించి ఒక జత కళ్ళు చెయ్యాలి సింహాద్రీ. అమ్మవారికి."

వెంకటరమణమ్మ చేతులు జోడించింది. "ఇంత పెద్ద బిళ్ళ మాకెందుకు బాబూ" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గురునాథరావుకు కూడా తిరిగాయి. తన మంచితనానికి తనకే ఏడుపొచ్చింది.

సింహాద్రి బిళ్ళను తిప్పి చూశాడు. గీటురాయి తీయబోయి ఆగిపోయాడు.

"సార్, ఇది ఆ బిళ్ళే గదేటి? మీటింగులో సూపించినారు. ఆల దేవుడి గిన్నెలు కరిగించి సేసినది."

గురునాథరావు అద్దాల బీరువా వైపు చూశాడు.

వెంకటరమణమ్మ ముఖం మారిపోయింది. "ఏ దేవుడి గిన్నెలు?"

సింహాద్రికి గుర్తున్నదంతా చెప్పాడు. మంచి జ్ఞాపకశక్తి. జ్యూరిచ్ పేరు కూడా తప్పు పోలేదు. గురునాథరావు నోట మీటింగులో ఎలా వచ్చిందో అలాగే, ఆ ఊరికేమైనా అయిందా అన్న ప్రశ్నతో సహా.

వెంకటరమణమ్మ పళ్ళెం వైపు చూసింది. తర్వాత పళ్ళేన్ని వేలితో అవతలకి తోసేసింది.

"నాకొద్దు బాబూ. ఎవులు ఏ బిడ్డ కోసం ఇచ్చుకున్నారో ఆ గిన్నెలు. ఆ తల్లులు ఏడవలేదేటి? ఆల ఉసురు తెచ్చి నా గుంట కళ్ళకి పెట్టమంతారా?"

"నాను కూడా ముట్టను సార్" అన్నాడు సింహాద్రి. "ఒక దేవుడి ఎండి ఒకసారి కరిగించినందుకే మా ఇంట్లో దాని మీద గొడవ."

ఐదువందల ఏళ్ళ కిందట జ్యూరిచ్ పొరుగూళ్ళవాళ్ళు అన్న మాట, గాజువాక బజారు సందులో, ఆ పేరు అప్పుడే మొదటిసారి విన్న మనిషి అన్నది. గురునాథరావుకు తల కొట్టేసినట్టయింది. నాణెం మీది ఆ పాత సాధువులు నయం, తెగిన తలల్ని చేత్తోనైనా పట్టుకున్నారు.

ఇక తప్పించుకునే దారి లేదు. "కాదమ్మా" అన్నాడు. "ఇది ఆ గిన్నెల వెండి కాదు. ఇదిగో సంవత్సరం. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు కొట్టిన మామూలు నాణెం. ఆ రోజు మీటింగులో నేను... పొరపాటు పడ్డాను."

పొరపాటు. ఆ మాట ఎంత మెత్తగా వచ్చిందో ఆయనకే తెలిసింది.

వెంకటరమణమ్మ బిళ్ళ వైపు, తర్వాత ఆయన వైపు చూసింది. కూడబలుక్కుంటున్నట్టు ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది.

"అయితే కరిగించమని సెప్పినది మీరా?"

"నేనేనమ్మా."

"దేవుడి ఎండి కరిగించినా ఏటీ కాదని, ఇదిగో అని, ఈ బిళ్ళ సూపించి సెప్పినారు."

"ఔను."

"ఇది దేవుడి ఎండి కాదు."

"కాదు."

"మరి మా కళ్ళెందుకు కరిగించీసినారు బాబూ?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడు. ఆమె నిజంగా తెలియక అడిగింది. చదువుకున్నవాడికి జవాబు తెలుస్తుందని అడిగింది. గురునాథరావు బిళ్ళను తీసి మళ్ళీ చెక్క పెట్టెలో పెట్టాడు.

నీలిమ నల్లద్దాల వెనకనుంచి ఆయన్నే చూస్తోంది.

చివరికి వెంకటరమణమ్మే తేరుకుంది. సింహాద్రి వైపు తిరిగి, "ఆ కమిటీ బిళ్ళల్లో మా ఎండే గదా ఉన్నాది?" అంది.

"అందరిదీ కలిసిపోనాది పిన్నీ. ఇది నీదని సెప్పనేం."

"కలిసిపోతే పోనీ. నా కడియాలు అందులోనే ఉన్నాయి, ఎక్కడికీ ఎల్లిపోనేదు గదా." ఈసారి ఆమె గురునాథరావు వైపు చూసింది. "మీకొకటి ఇచ్చినారు బాబూ. సాలువా కప్పినపుడు. నాను ముగ్గు కాడ నిలబడి సూసినాను. అదియ్యండి."

అది ఇంట్లో ఉంది. చెక్క పెట్టెలో కాదు, హాలులో, శాలువా కప్పుకున్న ఫొటో పక్కన, అద్దం చట్రంలో. జ్యూరిచ్ బిళ్ళ ఇచ్చెయ్యాలని తోచిన మనిషికి అది ఇవ్వాలని తోచనే లేదు.

వెళ్ళి చట్రం విప్పి తెచ్చాడు. తాయారు ఎందుకని అడగలేదు. ఖాళీ అయిన మేకు మీద గుడ్డతో దుమ్ము తుడిచింది.

సింహాద్రి బిళ్ళను పటకారుతో మూసలో పెట్టి గ్యాసు మంట పట్టాడు. గురునాథరావు గీసిన అమ్మవారి ముఖం, చుట్టూ వరుస తప్పకుండా కూర్చిన అక్షరాలు మెల్లగా కరిగి ముద్దయిపోయాయి. చల్లారాక సుత్తితో రేకు సాగదీసి, కత్తెరతో రెండు కళ్ళు కత్తిరించాడు. మొనతో కనుపాపలు గీశాడు. ఎడమ కంటి కొసన ఒక చుక్క పెట్టమంది వెంకటరమణమ్మ. పాత కళ్ళకు అలాగే ఉండేదట. మిగిలిన వెండి ముక్కలు ఏరి కొంగున ముడి వేసుకుంది. "ఇవి మిగతా తల్లులవి. అమ్మోరి హుండీలో ఎయ్యాల" అంది.

సాయంత్రం గుడికి వెళ్ళేసరికి తాతబాబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు. పూజారి కొత్త ఎర్రదారానికి ఆ ఒక్క జత గుచ్చి అమ్మ మెళ్ళో వేశాడు. పెద్ద విగ్రహం, వెడల్పాటి ఛాతీ. దాని మీద ఆ ఒక్క జత చాలా చిన్నగా కనిపించింది. అరుగు మీది ఆడవాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు. వాళ్ళలో ఎవరి బిడ్డల కళ్ళు ఆ దండలో ఉండేవో గురునాథరావు అడగలేదు.

"అదిగో, నీ కళ్ళు" అంది వెంకటరమణమ్మ కూతురితో. ఆమె గొంతు మామూలైపోయింది. గురునాథరావు చేతిలో కూడా ఇంత కుంకుమ పెట్టింది. క్షమించానని అనలేదు, క్షమించననీ అనలేదు. అందరికీ పెట్టినట్టే ఆయనకూ పెట్టింది.

ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు అనుకున్నాడు గురునాథరావు. ఒప్పుకోవలసింది ఒప్పుకున్నాం, ఇవ్వవలసింది ఇచ్చాం. చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు కూడా.

"సార్" అంది నీలిమ.

ఆ పిల్ల పొద్దుటినుంచి నోరు విప్పడం అదే మొదలు. నల్లద్దాలు తీసి చేత్తో పట్టుకుంది.

"కొట్లో మీరు పొరపాటన్నారు గదా. ఆ రోజు తాతబాబు తాత ఇదేనేటని అడిగినపుడు, మీరు ఇదే అన్నారట. అపుడు నిజంగా మీకు తెల్దా సార్?"

తాతబాబు తలెత్తాడు. చెప్పులు విప్పి కళ్ళకద్దుకున్న ముసలాయన. ఆడవాళ్ళు మాటలాపారు. తెలియదమ్మా అంటే అక్కడున్న అందరూ నమ్ముతారు. వెంకటరమణమ్మ అందరికంటే ముందు నమ్ముతుంది.

"తెలుసమ్మా" అన్నాడు గురునాథరావు. "తెలిసే అన్నాను."

"ఎందుకు సార్?"

"అందరూ నా వైపే చూస్తున్నారని."

నీలిమ అద్దాలు మళ్ళీ పెట్టుకోలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. చుక్కలమందు పనిచేసింది, కళ్ళ ఎరుపు చాలావరకు విరిగింది. వాళ్ళమ్మ భయపడినట్టు ఆ కళ్ళకేమీ కాలేదు. వాటికి అంతా బాగానే కనిపిస్తోంది.

గురునాథరావు వాటిని చూడలేక తల దించుకున్నాడు.